సవరణ: మిథనాల్ స్ప్రే ఉన్నప్పుడు వైడ్‌బ్యాండ్ రీడింగ్

బ్యూక్ గ్రాండ్ నేషనల్ కారు 3.8 లీటర్ల టర్బో వీ6 ఇంజిన్‌లో పెట్రోల్‌తో పాటు మిథనాల్ స్ప్రే చేసే ట్యూనింగ్‌పై ఇంతకుముందు పెట్టిన పోస్టులో ఒక తప్పు రాశాను. మిథనాల్ సరిగ్గా పూర్తిగా మండే గాలి-ఇంధన నిష్పత్తి 6.4 (పెట్రోల్‌కు 14.7) కాబట్టి, స్ప్రే మొదలయ్యాక వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్) గేజ్‌లో 11.8 కంటే బాగా తక్కువ అంకె రావాలన్నాను. 6.4 నిజమే. కానీ సెన్సర్ కొలిచేది లాంబ్డాను (ఉన్న నిష్పత్తి, పూర్తిగా మండే నిష్పత్తికి ఎన్నో వంతో చెప్పే అంకె), పెట్రోల్ స్కేల్ గేజ్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది, అంతే. లాంబ్డా 0.80 అయితే మిథనాల్ ఎంత కలిసినా కనిపించేది 11.8 దగ్గరే. వైడ్‌బ్యాండ్ మాన్యువల్స్‌లోనూ ఇదే ఉంటుంది. నేను చెప్పిన అంకె కోసం ఇంధనం పెంచితే మరీ రిచ్ (ఇంధనం ఎక్కువ) అయి బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని ఒత్తిడితో నెట్టేటప్పుడు, మిస్‌ఫైర్ వస్తుంది.

ఇంకొకటి. అదే పోస్టులో టైమింగ్ పెంచొచ్చన్న (స్పార్క్‌ను ఇంకా ముందుగా ఇవ్వొచ్చన్న) మాటను కొందరు స్ప్రే బిగించగానే పెంచేయమని అర్థం చేసుకున్నారు. ముందు స్ప్రే ఆపి, తక్కువ బూస్ట్‌లో పెట్రోల్ సరిచేయాలి. తర్వాత స్ప్రే ఆన్ చేసి, రిచ్ అయినంత మేర పెట్రోల్ తగ్గించాలి. ఆఖర్న టైమింగ్, ఒక్కో డిగ్రీ చొప్పున, స్కాన్ టూల్‌లో నాక్ రిటార్డ్ (ఇంధనం అదుపు తప్పి పేలితే, అంటే నాక్ వస్తే, కంప్యూటర్ టైమింగ్‌ను వెనక్కి తగ్గించే డిగ్రీలు) చూస్తూ. స్ప్రే పంపు ఆగినా నాజిల్ మూసుకుపోయినా లీన్ (ఇంధనం తక్కువైన) మిశ్రమం, ముందుకు జరిపిన టైమింగ్ రెండూ కలిసి హెడ్ గాస్కెట్‌నో పిస్టన్‌నో తినేస్తాయి. అందుకే స్ప్రే ఫ్లో పడిపోగానే బూస్ట్ తగ్గించే ఏర్పాటు లేకుండా పెట్రోల్ తగ్గించకండి.