'పరిశీలిస్తాం' అన్నారా, 'కడతాం' అన్నారా?

ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు బయట పొద్దున్నే బెంచీల మీద కూర్చునేవాళ్లలో చాలామంది బదిలీ కోసమో, ఆస్పత్రి బిల్లుకు సీఎం సహాయనిధి కోసమో, తిరుమల దర్శనం లేఖ కోసమో వస్తారు. తప్పుపట్టడం లేదు, నేనూ ఒకసారి దర్శనం లేఖకే వెళ్లాను. 'మొన్న సభలో ఇలా అన్నారు కదా, అదేమైంది సార్' అని అడగడానికి వచ్చినవాళ్లు ఆ రోజు ఒక్కరూ కనిపించలేదు.

అడగాలంటే ఏమన్నారో వినాలి కదా. మన ఫోన్లలోకి వచ్చేది ప్రసంగంలోని తిట్టు ముక్క మాత్రమే. హామీ ఏ క్రియతో ముగిసిందో ఎవరూ రీల్ చేయరు.

విభజన చట్టాన్నే తీసుకోండి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు. అది నోటి మాటగానే మిగిలింది, చట్టంలోకి ఎక్కలేదు. సరే, ఎక్కినవాటి సంగతేంటి? కడప జిల్లాలో, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారాలు, ఏపీకి రైల్వే జోన్, తెలంగాణకు కోచ్ ఫ్యాక్టరీ 13వ షెడ్యూలులో ఉన్నాయి. 'చట్టంలోనే ఉంది, ఇవ్వక ఏం చేస్తారు' అని రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి వాదించుకున్నాం. తీరా చదివితే అక్కడున్నది 'ఆరు నెలల్లోగా పరిశీలించాలి' అని. కట్టాలి అని కాదు. పరిశీలించి కుదరదన్నా చట్టం చెప్పిన పని చేసినట్టే లెక్క. రైల్వే జోన్ ప్రకటన రావడానికే 2019 ఫిబ్రవరి అయింది. ఆ ఒక్క క్రియను 2014లోనే పట్టుకుని మన ఎంపీలను నిలదీసి ఉండాల్సింది.

బహిరంగ సభలో అన్న మాటకు పద్దు రాసేవాడు ఉండడు. పార్లమెంటులో మంత్రి అన్నదానికి ఉంటాడు. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచీ ఉంది. 'పరిశీలనలో ఉంది', 'కనుక్కుంటాను' లాంటి గోడమీద పిల్లి మాటల్ని సైతం హామీగానే రాసుకుని, మూడు నెలల్లో సంగతి తేల్చమంటుంది. గడువులు పొడిగించుకుంటూ పోయే మాట నిజమే. అయినా కమిటీ ఒప్పుకోనిదే ఫైలు మాత్రం మూతపడదు.

కాబట్టి మన ఊరి విషయం మీద మంత్రి చేత పార్లమెంటులో ఒక మాట అనిపించాలి. అందుకు దారి ఎంపీ అడిగే ప్రశ్న. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నల్ని మంత్రులు నోటితో జవాబివ్వాల్సిన జాబితాలో పెడతారు, వాటిలో కొన్నింటికే ఆ వంతు వస్తుంది; మరో 230 దాకా ప్రశ్నలకు రాతపూర్వకంగా ఇస్తారు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనుక ఉత్తరం సమావేశాలకు బాగా ముందే చేరాలి.

'మా ఊరి సమస్యలు పట్టించుకోండి' అని రాస్తే పీఏ దాన్ని కట్టలో పెట్టేస్తాడు. 'మా స్టేషన్‌లో కరోనాకు ముందు ఆగే ప్యాసింజర్ ఇప్పుడు ఆగడం లేదు. ఎప్పుడు తీసేశారు, కారణమేంటి, తిరిగి ఆపే ప్రతిపాదన ఉందా?' అని రాయండి. దాదాపు ప్రశ్న రూపంలోనే ఉంది కాబట్టి పీఏకు పని తక్కువ. వీధి డ్రైనేజీ గురించి ఎంపీకి రాయకండి, అది వేరే గుమ్మం. మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే ఆయన ప్రశ్నలు వేయరు, రాజ్యసభ సభ్యుడిని పట్టుకోవాలి. ఇంగ్లిష్ రాదని టెన్షన్ అక్కర్లేదు. ఏ అధికారికైనా తెలుగులోనే అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలోనే ఉంది, ఎంపీకి రాయడానికి ఇక భాష అడ్డేమిటి?

'మా ఎంపీ పార్టీ చెప్పినట్టే చేస్తాడు, ఉత్తరం రాసి ఏం లాభం' అంటారు. ఓటింగ్‌లో విప్ ఉంటుంది, ఒప్పుకుంటాను. మీ స్టేషన్‌లో రైలు ఎందుకు ఆగడం లేదని అడగొద్దని ఏ పార్టీ విప్ జారీ చేస్తుంది?

జవాబు రాకపోవచ్చు, నా ఉత్తరాల్లో ఎక్కువ వాటికి రాలేదు. ఏ ఎంపీ ఏయే ప్రశ్నలు అడిగారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో పేరు కొడితే వస్తుంది. ఆ జాబితా ప్రింటు తీసి ఉంచుకుంటే, ఈసారి ప్రచారానికి మన వీధిలోకి వచ్చినప్పుడు మాట్లాడుకోవడానికి పనికొస్తుంది.