యుద్ధకాలపు వారపత్రికలో అభ్యర్థులు చెప్పకుండా దాటవేసిన మాటలు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా చిన్న పట్టణాల నుంచి వెలువడిన వారపత్రికలను ఇవాళ ఎవరైనా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా, ఉత్తర టెక్సస్ విశ్వవిద్యాలయం నిర్వహించే పోర్టల్ టు టెక్సస్ హిస్టరీ అనే ఆన్‌లైన్ భాండాగారాలలో అటువంటి పుటలు కొల్లలుగా ఉన్నాయి. చరిత్ర మీద ఇష్టమున్నవాళ్ళు వాటిలోంచి ఒక యుద్ధ బాండ్ల (యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం ప్రజల దగ్గర అప్పు తీసుకుని ఇచ్చే పత్రాల) ప్రకటనను మాత్రం కత్తిరించి, ఆ రోజుల్లో ఊరంతా ఒక్క మాట మీద నిలబడిందని రాసి పంచుకుంటూ ఉంటారు. ఈ అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ ప్రకటన పక్కనే అచ్చయిన షెరీఫ్ (పోలీసు, జైలు పనులు చూసే ఎన్నికైన అధికారి) పదవికి అభ్యర్థి చేసిన విన్నపాన్ని, దాని కింద ఉన్న కౌంటీ (జిల్లా వంటి పాలనా విభాగం) నోటీసును కలిపి చదివితే తప్ప ఆ ఊళ్ళో ఏం జరిగిందో అర్థం కాదు. కలిపి చదివినప్పుడు నాకు కనిపించేది ఐక్యత ఒక్కటే కాదు. దేశభక్తి పేరు చెప్పి స్థానిక అధికారాన్ని ప్రశ్నల నుంచి తప్పించిన తీరు కూడా కనిపిస్తుంది.

ముందుగా డబ్బు సంగతి చెప్పాలి. 1942 జనవరిలో టైర్లకు రేషన్ వచ్చింది, ఫిబ్రవరిలో పౌరుల కోసం కార్ల తయారీ ఆగిపోయింది, మే నెలలో చక్కెర, నవంబరు చివర కాఫీ రేషన్‌లోకి వెళ్ళాయి. చిన్న పత్రికకు వారం వారం ప్రకటనలిచ్చి పోషించే కార్ల డీలరుకు, టైర్ల దుకాణానికి, కిరాణా వర్తకుడికి ఒక్కసారిగా అమ్మడానికి సరుకు లేకుండా పోయింది. ఆ ఖాళీ స్థలాన్ని చాలావరకు బాండ్ల ప్రకటనలే నింపాయి. 18.75 డాలర్లు పెట్టి బాండు కొంటే పదేళ్ళకు 25 డాలర్లు వస్తాయన్న ఆ ప్రకటనలను ట్రెజరీ శాఖ (కేంద్ర ఆర్థిక శాఖ), ప్రకటనల రంగం వారి సంస్థ వార్ అడ్వర్టైజింగ్ కౌన్సిల్ కలిసి తయారు చేయించి పత్రికలకు పంపేవి. స్థలం ఖరీదు ఇచ్చిన వర్తకుడి పేరు వేసుకోవడానికి అడుగున చోటు వదిలేవి. ప్రభుత్వం ఆ స్థలానికి డబ్బు చెల్లించేది కాదు. ఊళ్ళో వర్తకుడైనా చెల్లించాలి, లేదా సంపాదకుడే ఉచితంగా ఇవ్వాలి. అదనపు లాభాల మీద పన్ను 90 శాతానికి చేరి, ప్రకటనల ఖర్చును హద్దుల్లో ఉన్నంతవరకు ఆదాయంలోంచి మినహాయించుకోనిచ్చిన ఆ రోజుల్లో, పెద్ద కంపెనీకి దేశభక్తి ప్రకటన పెద్ద భారం కాదు. కిరాణా కొట్టు యజమానికి అంత లాభాలు లేవు కనుక అతను ఇచ్చిన ప్రతి డాలరూ సొంత జేబులోంచి పోయినదే. వంటింట్లో మిగిలిన కొవ్వును డబ్బాలో పోగుచేసి మాంసం దుకాణంలో ఇవ్వమని, పాత ఇనుము తెచ్చిపెట్టమని అడిగిన ఆ చిన్న ప్రకటనల మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

1943లో అలబామా సెనేటర్ జాన్ బ్యాంక్‌హెడ్ ఒక బిల్లు తెచ్చారు. బాండ్ల ప్రకటనలకు ప్రభుత్వమే డబ్బిచ్చి చిన్న పత్రికలను ఆదుకోవాలన్నది దాని సారాంశం. సెనేట్ దాన్ని ఆమోదించింది గానీ, ట్రెజరీ కార్యదర్శి హెన్రీ మోర్గెంథావ్ వ్యతిరేకించారు, చివరికి అది చట్టం కాలేదు. ప్రభుత్వ సొమ్ము తింటే పత్రిక ప్రభుత్వాన్ని ప్రశ్నించలేదన్న వాదన అప్పుడు బలంగా వినిపించింది. ఆ భయం సరైనదేనని నేనూ అంటాను. అయితే దాన్ని వాషింగ్టన్ వైపే చూపించి, ఊళ్ళోని కౌంటీ కోర్టుహౌసు వైపు చూపించకపోవడం నాకు మింగుడుపడదు. భూముల వేలం, పన్ను బకాయిలు, కౌంటీ లెక్కలు వంటి లీగల్ నోటీసులు అచ్చువేయడం చిన్న పత్రికకు నమ్మకమైన ఆదాయం. చాలా చోట్ల ఆ పని ఏ పత్రికకు దక్కాలో నిర్ణయించేది కౌంటీ అధికారులే. ఆ అధికారులే రెండేళ్ళకో నాలుగేళ్ళకో అభ్యర్థులై, ఎన్నికల ప్రకటన కోసం నగదు ముందుగా చెల్లించి, అదే పత్రికలో స్థలం కొనేవారు. బాండ్ల ప్రకటనకు పైకం దొరకని సంవత్సరంలో సంపాదకుడు ఎవరి మనసు నొప్పించగలడు?

ఇక ఆ ఎన్నికల ప్రకటనలలో ఏముండేదో చూడండి. టెక్సస్ వారపత్రికలలో వేసవి పొడవునా పేర్ల జాబితా నడిచేది. కౌంటీ జడ్జి, షెరీఫ్, పన్నుల అధికారి, కమిషనర్ అంటూ పదవుల వారీగా పేర్లు, పైన డెమొక్రాటిక్ ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థులను ఎంచుకునే ముందస్తు ఎన్నిక) తీర్పుకు లోబడి పోటీ చేస్తున్నారన్న వాక్యం. ఆ రాష్ట్రంలో అప్పట్లో అసలు ఎన్నిక ప్రైమరీయే. నవంబరులో జరిగేది లాంఛనం మాత్రమే. 1944 ఏప్రిల్ 3న స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా నల్లజాతి పౌరులకు ఆ ప్రైమరీలో ఓటే లేదు. తీర్పు తరువాత కూడా ఏడాదికి కనీసం 1.50 డాలర్ల పోల్ టాక్స్ కట్టకపోతే ఏ జాతి పేదవాడికైనా ఓటు అందేది కాదు. నియంతల మీద పోరాడమని పిలుపునిచ్చే ప్రకటనకూ, తెల్లవాళ్ళ ప్రైమరీలో ఓటడిగే ప్రకటనకూ మధ్య ఆ పుటలో ఉన్నది ఒక సన్నని గీత మాత్రమే.

కాస్త పెద్ద ప్రకటన కొనుక్కున్న అభ్యర్థి కూడా ఎక్కువ చెప్పేవాడు కాదు. టైర్ల కొరత వల్ల, తరువాతి ఎన్నికలకల్లా పెట్రోలు రేషన్ వల్ల కూడా, ప్రతి ఇంటికీ రాలేకపోతున్నానని, ఈ నాలుగు మాటలనే స్వయంగా వచ్చి అడిగినట్టు భావించమని రాయించేవాడు. ఇది కల్లబొల్లి సాకేమీ కాదు. 1942 డిసెంబరు నుంచి మామూలు కారుకు వారానికి మూడు నాలుగు గ్యాలన్లే దొరికాయి, వేగం గంటకు 35 మైళ్ళు దాటకూడదన్నారు. ఆ పరిస్థితిలో మారుమూల పొలాల దాకా వెళ్ళడం కష్టమే. కానీ ముఖాముఖి కలిసే అవకాశం పోయినప్పుడు అచ్చు మాటకు బాధ్యత పెరగాలి. ఇంటికి వస్తే ఓటరు అడిగే ప్రశ్నలకు ప్రకటనలోనైనా జవాబు ఉండాలి. దానికి బదులు తన కొడుకు సైన్యంలో ఉన్నాడని, తాను బాండ్ల సంఘంలో పనిచేశానని, యుద్ధ సమయంలో అనుభవజ్ఞుణ్ణి మార్చడం మంచిది కాదని చెప్పి ముగించేవారు. జైలు ఎలా నడుస్తోంది, పన్ను ఎవరి భూమికి ఎంత వేశారు, జరిమానాల సొమ్ము ఎటు పోతోంది అన్న ప్రసక్తి చాలా అరుదు.

దీనికి సెన్సార్‌ను కారణంగా చూపడం కుదరదు. బైరన్ ప్రైస్ నాయకత్వంలోని సెన్సార్‌షిప్ కార్యాలయం 1942 జనవరి 15న పత్రికలకు ఇచ్చిన నియమావళి స్వచ్ఛందమైనది. నౌకల కదలికలు, సేనల జాడలు, ఉత్పత్తి వివరాలు, వాతావరణ సమాచారం వంటివి దాచమని అది కోరింది. షెరీఫ్‌ను ప్రశ్నించవద్దని వాషింగ్టన్ నుంచి ఎవరూ చెప్పలేదు. ఊళ్ళే తమంతట తాము నోరు కట్టుకున్నాయి.

ఓటర్లు కూడా పలుచబడ్డారు. 1938లో, అధ్యక్ష ఎన్నికల నడుమ వచ్చే కాంగ్రెస్ ఎన్నికలలో సుమారు 3.6 కోట్ల మంది ఓటు వేస్తే, 1942లో ఆ సంఖ్య సుమారు 2.8 కోట్లకు పడిపోయింది. యువకులు శిక్షణ శిబిరాలలో ఉన్నారు, కుటుంబాలు కర్మాగారాల పట్టణాలకు తరలిపోయాయి. 1944లో సైనికుల ఓటు గురించి కాంగ్రెస్‌లో పెద్ద రగడ జరిగింది. చివరికి వచ్చిన చట్టం ప్రకారం ఫెడరల్ బ్యాలెట్ పరిమితంగానే అందుబాటులోకి వచ్చింది, దాని మీద అధ్యక్షుడు, సెనేట్, ప్రతినిధుల సభ పదవులు తప్ప ఇంకేమీ లేవు. రాష్ట్రాల బ్యాలెట్లతో ఓటు వేసినవారిని కలుపుకొని ఆ ఏడాది 26 లక్షలకు పైగా సైనికులు ఓటు వేశారు. అది గొప్ప విషయమే. అయినా ఫెడరల్ బ్యాలెట్ అందుకున్న సైనికుడికి తన ఊరి షెరీఫ్‌ను ఎన్నుకునే హక్కు ఆ కాగితం మీద లేదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఒరెగాన్ రాష్ట్రంలోని హుడ్ రివర్ ఉదంతం. ఆపిల్, పియర్ తోటల ఊరు అది. 1944 నవంబరులో మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ అక్కడి శాఖ, కౌంటీ సైనికుల గౌరవ ఫలకం మీది నుంచి జపనీస్ మూలాలున్న 16 మంది అమెరికన్ సైనికుల పేర్లు తుడిచేయించింది. యుద్ధ కాలంలో ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు తరలించిన జపనీస్ మూలాల తోటల యజమానులు తిరిగి వచ్చే వేళకు, 1945 తొలి నెలల్లో, ఊరి పత్రికలో పెద్ద పెద్ద ప్రకటనలు వరుసగా వచ్చాయి. మీరు ఇక్కడికి రావద్దు, భూములు అమ్ముకుని పొమ్మన్న ఆ ప్రకటనల కింద వందలాది మంది స్థానికుల పేర్లు అచ్చయ్యాయి. తుడిచేసిన పేర్లలో ఒకటి ఫ్రాంక్ హచియాది. అతను ఫిలిప్పీన్స్‌లో గాయపడి 1945 జనవరి 3న మరణించాడు. షెర్మన్ బర్గోయిన్ అనే మెథడిస్టు పాస్టరు ఊరికి ఎదురు నిలిచారు. దేశమంతటి నుంచి నిరసన వచ్చాక ఆ ఏడాదే దాదాపు అన్ని పేర్లనూ మళ్ళీ రాయించారు. బాండ్లు కొనమని ఊరిని ఏకం చేసింది డబ్బు పెట్టి కొన్న పత్రికా స్థలమే. పొరుగువాడిని వెళ్ళగొట్టమని ఊరిని ఏకం చేసిందీ అదే. ఐక్యతను కీర్తించేవాళ్ళు ఈ రెండో పుటను ఎందుకు పంచుకోరు?

స్థానిక ఎన్నికలలో మౌనానికి ఊరు ఎంత మూల్యం చెల్లించుకుందో తెలియాలంటే టెన్నెస్సీలోని మెక్‌మిన్ కౌంటీని చూడాలి. అక్కడ షెరీఫ్‌కు రాబడి ఫీజుల మీద వచ్చేది. అరెస్టులు పెరిగితే ఆదాయమూ పెరిగేది. 1940, 1942, 1944 ఎన్నికలలో అక్రమాలు జరిగాయని కేంద్ర న్యాయశాఖకు ఫిర్యాదులు వెళ్ళినా ఫలితం లేకపోయింది. యుద్ధం ముగిసి యువకులు తిరిగి వచ్చాక, వేసిన ఓటును వేసినట్టే లెక్కిస్తామన్న ఒక్క హామీతో వాళ్ళు సొంత అభ్యర్థులను నిలబెట్టారు. 1946 ఆగస్టు 1 రాత్రి ఏథెన్స్ పట్టణంలో బ్యాలెట్ పెట్టెలను పట్టుకుపోయి జైల్లో దాచిన షెరీఫ్ మనుషుల మీద తుపాకులతో పోరాడి వాటిని విడిపించారు. ఆ తుపాకులను నేను సమర్థించను. కానీ ఆ హామీ ఏ పెద్ద ఆశయమూ కాదు, ఏ కౌంటీలోనైనా ఎన్నికలకు మొదటి షరతు. 1942లోనో 1944లోనో ఒక అభ్యర్థి దాన్ని నాలుగు అంగుళాల ప్రకటనలో అడిగి ఉండవలసింది. అడిగినవాడిని యుద్ధ సమయంలో ఊరిని చీలుస్తున్నావని నిందించకుండా ఉండవలసిన బాధ్యత ఊరిది, ఆ నాలుగు అంగుళాలను ధైర్యంగా అచ్చువేయవలసిన బాధ్యత సంపాదకుడిది.