ముప్ఫై సెకన్లలో ఆరేళ్లు

పీహెచ్‌డీ చేసిన పిల్లలకు ఉద్యోగాలు ఎందుకు రావడం లేదో గత శనివారం మధ్యాహ్నం రెండున్నరకు నాకు తెలిసిపోయింది. వాళ్లకు తమను తాము అమ్ముకోవడం రాదట. ఖాళీలు భర్తీ కావడం లేదని, నోటిఫికేషన్ వస్తే కోర్టు, కోర్టు తేలితే ఎన్నికల కోడ్ అని ఇన్నాళ్లూ ఏవేవో అపోహల్లో బతికేశాం. అసలు లోపం కుర్రాళ్ల మొహాల్లో ఉంది. నవ్వు చాలడం లేదు.

ఈ జ్ఞానోదయం ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థుల కోసం పెట్టిన వర్క్‌షాపులో కలిగింది. పూర్వ విద్యార్థినని నన్ను కూడా పిలిచి రెండో వరసలో కూర్చోబెట్టారు. విశ్వవిద్యాలయం పేరు అడక్కండి. నమోదు రుసుము 300 రూపాయలు. అందులోనే టీ, రెండు బిస్కెట్లు, ఒక సర్టిఫికెట్. హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనర్ గారు బుగ్గ మీద మైకు తగిలించుకుని, వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి, "మీలో ప్రతి ఒక్కరూ ఒక బ్రాండ్!" అన్నారు. నాలుగు నెలలుగా ఫెలోషిప్ పడని బ్రాండ్లు వెనక వరసల్లోంచి చప్పట్లు కొట్టాయి.

తర్వాత ఎలివేటర్ పిచ్ గురించి చెప్పారు. మీరు లిఫ్టు ఎక్కారు, అందులో ఓ పెద్ద కంపెనీ అధినేత ఉన్నాడు, ఆయన దిగిపోయేలోగా ముప్ఫై సెకన్లలో మీ పరిశోధన ఏమిటో, మీరెందుకు పనికొస్తారో చెప్పి ఆయన్ని పడగొట్టాలి. మా బ్లాకులో లిఫ్టు ఉంది, లేదనను. అందులో పాత జవాబు పత్రాల మూటలు పెట్టి తాళం వేశారు. ఏ అధినేత అయినా పట్టుబట్టి ఎక్కితే, మూడో సెమిస్టర్ సప్లిమెంటరీ మూటల మధ్య నిలబడి, తాళం చెవి ఉన్న అటెండర్ సెలవు నుంచి వచ్చేదాకా మా కుర్రాళ్లు చెప్పేది వినాల్సిందే. ముప్ఫై సెకన్లేం ఖర్మ, వారం రోజులు దొరుకుతాయి.

ముందుగా లేపింది తెలుగు శాఖ కుర్రాణ్ణి. వాడి సిద్ధాంత గ్రంథం పేరు 'ఉత్తరాంధ్ర తీర ప్రాంత జాలరుల వృత్తి పదజాలం: సామాజిక భాషాశాస్త్ర దృక్పథంలో సమగ్ర పరిశీలన'. వాడు చేతులు కట్టుకుని, "వేదికనలంకరించిన పెద్దలకు, నా పర్యవేక్షకులు పూజ్య ఆచార్యుల వారికి, శాఖాధ్యక్షుల వారికి..." అని మొదలుపెట్టాడు. డీన్ గారి దాకా వచ్చేసరికి ముప్ఫై సెకన్లు అయిపోయాయి. అధినేత నాలుగో అంతస్తులో దిగిపోయాడు. రెండోసారి నమస్కారాలు తగ్గించి సిద్ధాంత గ్రంథం పేరు అందుకున్నాడు. 'దృక్పథంలో' దగ్గర ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అధినేత మళ్లీ దిగిపోయాడు.

"పేరు వద్దు, గైడ్ గారు వద్దు. 'నేను' అని మొదలుపెట్టు తమ్ముడూ. 'నేను ఇది చేశాను' అని చెప్పు, చాలు" అన్నారు ట్రైనర్ గారు.

కుర్రాడి నోరు పెగల్లేదు. నాకు జాలేసింది, ఎందుకంటే సంగతి నాకు తెలుసు. ఆరేళ్లుగా వాడు 'నేను' అని రాసిన ప్రతి చోటా ఎర్రసిరా గీత పడింది. 'నేను విన్నాను' అని రాస్తే 'పరిశోధకుడు గమనించినదేమనగా' అని దిద్దించారు. భీమిలి నుంచి భావనపాడు దాకా రేవు రేవునా తిరిగి, తెల్లవారుజామున ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునే ముసలివాళ్ల పక్కన కూర్చుని పదాలు పోగుచేసింది వాడే. కానీ 430 పేజీల్లో ఎక్కడ వెతికినా వాడు లేడు. కర్తను కర్మణి ప్రయోగంలో పాతిపెట్టి, పైన అట్ట వేసి, బంగారు అక్షరాలు కొట్టించి, ఇప్పుడు లేచి తనను తాను అమ్ముకోమంటే ఎలా?

సరే, రెజ్యూమె విప్పారు. అందులో 'నైపుణ్యాలు' అన్న గడి ఖాళీగా ఉంది. ట్రైనర్ గారు బాధపడ్డారు. ఏ ఉద్యోగానికైనా పనికొచ్చే నైపుణ్యాలు పరిశోధకులకు బోలెడు ఉంటాయి, అవి ఉన్నట్టు వాళ్లకే తెలియదు అన్నారు. ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. అందుకని నాకు తెలిసినంతలో ఆ గడి నేనే నింపి పెడుతున్నాను. ఎవరైనా వాడుకోవచ్చు, రుసుము లేదు.

వైవా, అంటే సిద్ధాంత గ్రంథం మీద మౌఖిక పరీక్ష, ఆ రోజు సంగతే చూడండి. బయటి పరీక్షకుల వారు సతీసమేతంగా వస్తున్నారు. ఊళ్లో పేరున్న గుడి ఉంది, అందుకని వైవా తేదీ ఆయన ఖాళీని బట్టి కాకుండా దర్శనం దొరికే రోజును బట్టి నిర్ణయమైంది. రైలు తెల్లవారుజామున 4.10కి, అంటే కుర్రాడు 3.30కి ప్లాట్‌ఫాం మీద ఉండాలి, రైలు 6.20కి వస్తుంది. గెస్ట్‌హౌస్‌లో ఏసీ గది ఇచ్చారు, ఏసీ ఇవ్వలేదు. మేడమ్ గారికి ఉల్లి, వెల్లుల్లి లేని టిఫిను కావాలి. సార్‌కి షుగరు, జొన్నరొట్టె. శాఖాధ్యక్షుల వారికి నాటుకోడి లేనిదే వైవా వైవాలా ఉండదు. గైడ్ గారిది శనివారం, ఒంటిపూట. డీన్ గారు ఏమీ తినను అంటారు, అంటే రెండు బిర్యానీ పొట్లాలు కారులో పెట్టాలి. శాలువాలు నాలుగు, పూలదండలు నాలుగు, ఐదోవాడు ఎవరైనా వస్తాడేమోనని చేతిలో ఇంకొకటి. ఇన్నిటి మధ్య పదకొండున్నరకు లేచి నిలబడి జాలరుల పదజాలం మీద ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటి ప్రశ్న: "ఇక్కడ వంజరం కిలో ఎంత?"

ఈ కుర్రాణ్ణి పెళ్లిళ్ల కాంట్రాక్టరు కళ్లకద్దుకుని తీసుకుంటాడు. లాజిస్టిక్స్, ఆతిథ్యం, సంక్షోభ నివారణ, బడ్జెట్ లేకుండా ప్రాజెక్టు పూర్తిచేయడం. వీటి మీద గైడ్ గారి కరెంటు బిల్లు, గైడ్ గారి అబ్బాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, గైడ్ గారి అమ్మగారి కళ్ల ఆపరేషన్‌కు తోడు. రెజ్యూమెలో 'సీనియర్ లీడర్‌షిప్‌కు ఆరేళ్ల ఎగ్జిక్యూటివ్ సపోర్ట్' అని వేసుకోవచ్చు. అబద్ధమేమీ కాదు.

అయినా తనను తాను అమ్ముకోవడం తెలుగువాడికి ఒకరు నేర్పాలా? నాకు డాక్టరేట్ వచ్చినప్పుడు మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ఫొటో తపాలా బిళ్లంత ఉంది, శుభాకాంక్షలు చెప్పిన నాయకుల ఫొటోలు తలుపులంత ఉన్నాయి. జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్త పడింది. మా బాబాయి పెళ్లి శుభలేఖలో నా పేరు పక్కన డిగ్రీలు వేయించబోతే వాటికి చోటు చాలక ముహూర్తం కిందికి జరిగింది. ఇంత ప్రచారం జరిగాక కూడా నెట్ (అధ్యాపకులకు జాతీయ అర్హత పరీక్ష) కోచింగ్ సెంటర్లో గంటకు 150 రూపాయలకు పాఠాలు చెప్పాను. మరోపక్క ఊరూ పేరూ లేని సంస్థల దగ్గర గౌరవ డాక్టరేట్ కొనుక్కున్నవాళ్లు కారు నంబరు ప్లేటు పైన కూడా 'డా.' రాయించుకున్నారు. వాళ్లకెవరూ వర్క్‌షాపు పెట్టలేదు, అవసరం లేదు కూడా.

ఇక నవ్వడం నా వల్ల కాదు. ఆ హాల్లో ఎవరూ అనని మాట ఒకటుంది.

విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 2021 జూలై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ చెప్పింది. ఆ మాట నమ్మి ఎంతమంది పిల్లలు చేతిలో ఉన్న ఉద్యోగం మానుకుని చేరారో నాకు తెలుసు, నా దగ్గర సలహా అడిగినవాళ్లే ఉన్నారు. తర్వాత గడువు 2023కు జరిపారు. సరిగ్గా 2023 జూలై 1 వచ్చేసరికి అక్కర్లేదు, నెట్, రాష్ట్రాల స్థాయి అర్హత పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఏది ఉన్నా చాలు అన్నారు. నియమం మారడం తప్పు అనను. కానీ ఆ ఐదేళ్లూ చదువుతున్నవాడి వయసు ఎవరిది? దానికి సమాధానం 'చక్కగా నవ్వుతూ కరచాలనం చేయండి' అనా?

నెట్ లేకుండా కేంద్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసేవారికి నెలకు 8,000 రూపాయలు. ఏళ్ల తరబడి అంతే. రోజుకు 267 రూపాయలు పడుతుంది. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. కూలికి ఆ డబ్బు ఎక్కువని కాదు, అదీ చాలదు. కానీ మట్టి తవ్వే మనిషిని నిలబెట్టి, "అమ్మా, నిన్ను నువ్వు సరిగ్గా మార్కెట్ చేసుకోవడం లేదు" అని అనే ధైర్యం ఏ ట్రైనర్‌కీ లేదు. ఆమె పార తిరగేస్తుంది. మన పిల్లలు మాత్రం నోట్సు రాసుకుంటారు.

2015లో ఉత్తరప్రదేశ్ సచివాలయంలో 368 ప్యూన్ పోస్టులకు 23 లక్షల దరఖాస్తులు వచ్చాయి, అందులో 255 పీహెచ్‌డీలు. 2018లో అదే రాష్ట్రంలో పోలీసు శాఖ 62 మెసెంజర్ పోస్టులు ప్రకటిస్తే దాదాపు 93 వేలమంది పెట్టారు, పీహెచ్‌డీలే 3,700 మంది. కావలసిన అర్హత ఐదో తరగతి, సైకిల్ తొక్కడం వచ్చని స్వయంగా రాసిచ్చే కాగితం. ఈ 3,700 మందికీ సొంత డబ్బా కొట్టుకోవడం రాక ఈ గతి పట్టిందా? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. అడవి చేసింది ఎవరో వాళ్లే వచ్చి బేరం చేయడం నేర్పుతున్నారు.

కుర్రాణ్ణి ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నేను బయట టీ దగ్గర అడిగాను. ముసలి జాలరులు నీతో ఎలా మాట్లాడారు రా అని. మొదటి నెల ఎవరూ మాట్లాడలేదట. రికార్డరు బయటికి తీయడం మానేసి, చేపల బుట్టలు ఎత్తించడం మొదలుపెట్టాడు. రెండో నెలలో ఒక తాత, "నీకు కవళ్లకీ కానాగంతలకీ తేడా తెలీదేటి, ఏటి సదువుతున్నావురా బాబూ" అని తిట్టాడట. రెండూ చేపలే. ఆ తిట్టుతో మొదలైన సంభాషణ మూడేళ్లు సాగింది. పరాయి మనిషిని నమ్మించడం, నోరు మూసుకుని వినడం, విన్న 200 గంటల మాటలోంచి పనికొచ్చేది ఏరడం, తప్పు తేలితే మొత్తం మళ్లీ చేయడం. యంత్రాలకు తెలుగు మాట నేర్పిస్తున్న కంపెనీలకు సరిగ్గా ఇలాంటివాడే కావాలి. ఆరేళ్లలో ఒక్క ముక్క కూడా ఇది నైపుణ్యం అని వాడికి ఎవరూ చెప్పలేదు. 'సమగ్ర పరిశీలన' అన్నారు.

చివర్లో అందరి చేతా ఫోన్లలో లింక్డ్‌ఇన్ ఖాతాలు తెరిపించారు. బ్యానరు ముందు ఫొటో తీశారు, విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ ఫైలుకు కావాలి. కుర్చీలు వేసింది, బ్యానరు కట్టింది, మైకు తెచ్చింది, ట్రైనర్ గారిని స్టేషన్‌కు బండి మీద దింపబోయేది కూడా జాలరి పదాల కుర్రాడే. నైపుణ్యాల గడి దగ్గర వాడు కాసేపు ఆగాడు. ఆ తర్వాత 'సైకిల్ తొక్కగలను (స్వీయ ధ్రువీకరణ)' అని కొట్టాడు.

ట్రైనర్ గారు భుజం మీద నుంచి వంగి చూశారు. "సూపర్ తమ్ముడూ. మొదటిసారి 'నేను' అన్నట్టుగా రాశావు" అన్నారు.