యాంటీ-ఫాగ్ స్టిక్కరు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ల్యాబ్ గాగుల్స్ డబ్బా మీద వెండి అక్షరాలతో మెరిసిపోతున్న తమరికి నమస్కారాలు. లెన్స్‌కు మసక పట్టదన్న తమరి మాట నమ్మి ఆ గాగుల్స్ పెట్టుకుని బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచే గీతల గాజు గొట్టం) ముందు నిలబడితే, ముక్కు పక్క మూలలో మొదలైన తెల్లటి మసక నెమ్మదిగా పైకి పాకుతుంది. మెనిస్కస్, అంటే గొట్టంలో ద్రవం పైఅంచు వంపు, 23.4 దగ్గరుందో 23.6 దగ్గరుందో ఆ పైవాడికే ఎరుక. ఇక ఎవరైనా చేసేది ఒకటే, గాగుల్స్‌ను నుదుటి మీదికి నెట్టేయడం. ఆ లెక్కన ఆమ్లాల బారి నుంచి నుదుళ్లను కాపాడిన ఘనత తమరిదే. తిరిగి కిందికి దించారా, నుదుటి చెమట తేమ కూడా తోడై మసక ఇంకా తొందరగా కమ్ముతుంది.

ఊపిరిలోని తేమ చల్లటి లెన్స్‌కు తగిలి సన్నటి చుక్కలుగా పేరుకుంటుంది, ఆ చుక్కలు వెలుగును చెదరగొడతాయి. మసక పట్టనివ్వని అసలైన పూత నీటిని ఆపదు, చుక్క కట్టనివ్వకుండా పలచటి పొరలా పరుస్తుంది. ఆ పూత ఉందని చెప్పాల్సింది తమరు కాదు, గాగుల్స్ మీద ముద్రించిన ఒక్క అక్షరం: కంటి రక్షణకు యూరప్ పెట్టిన ఈఎన్ 166 ప్రమాణంలో ‘ఎన్’, అమెరికా జెడ్87.1 ప్రమాణం 2020 కూర్పులో ‘ఎక్స్’. ఆ ‘ఎన్’ రావాలంటే వేడి నీటి ఆవిరి మీద లెన్స్ 8 సెకన్లు తేటగా నిలవాలి. ఎనిమిదే సుమండీ, పూటంతా కాదు.

గాలి రంధ్రాల మాటెత్తితే తమరికి నోరు పెగలదు. నేరుగా తెరుచుకున్న చిల్లులుంటే మసక తక్కువే, కానీ చిందిన ద్రవం కూడా ఆ దారినే కంట్లోకి వస్తుంది. ద్రవాలతో పని అయితే గాలి వంకర తిరిగి వచ్చేలా మూతలున్న రంధ్రాలు కావాలి. చిందే ద్రవాన్ని ఆపుతాయనడానికి గుర్తుగా ఫ్రేమ్ మీద యూరప్ సరుకైతే 3 అనో, అమెరికా సరుకైతే డీ3 అనో ఉండాలి. కళ్లు మండించే వాయువులకైతే అసలు రంధ్రాలే ఉండకూడదు. రంధ్రాల్లేని ఆ గాగుల్స్ మసకకు పుట్టిల్లు, కాబట్టి పూత అక్కడే ఎక్కువ అవసరం.

పూత బతకాలంటే పొడి టిష్యూతో రుద్దకూడదు. ఎసిటోన్ అసలే వద్దు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ లెన్స్ మీద సన్నటి పగుళ్లు పడతాయి. గోరువెచ్చని నీళ్లు, ఒకటి రెండు చుక్కల సబ్బు. కడిగి, విదిలించి, గాలికి ఆరబెడితే చాలు. మాస్క్ పైన ముక్కు తీగ బిగించి నొక్కకపోతే మాత్రం ఊపిరంతా తిన్నగా లెన్స్ మీదికే వస్తుంది. ఈ ఒక్కదానికి తమరిని తప్పుపట్టం.

4 డిగ్రీల కోల్డ్ రూమ్ నుంచి ఉక్కపోత గదిలోకి రాగానే లెన్స్ బయటివైపు మసకబారుతుంది. చాలా గాగుల్స్‌కు పూత లోపలివైపే ఉంటుందని చిన్న అక్షరాల్లోనైనా రాయొచ్చుగా? డబ్బా మీద ఖాళీ బోలెడుంది.

ఇట్లు,
నుదుటి మీద గాగుల్స్ అచ్చు పడ్డవారు