ఆవకాయ జాడీల పక్కనున్న అణు బంకరు గారికి

మహారాజశ్రీ మా బిల్డింగు సెల్లారులో కొలువున్న అణు బంకరు గారి సముఖమునకు, మూడో అంతస్తులో అద్దెకుంటున్న తెలుగువాడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. ఈ మాట అలవాటుకొద్దీ రాసేశాను గానీ మీ విషయంలో కుదరదు. మీకు చేతినిండా పని దొరికిన రోజున మాకు కుశలం ఉండదు. మేం కుశలంగా ఉన్నన్నాళ్లూ మీరు సామాన్ల కొట్టు.

మేం జ్యూరిక్‌లో దిగిన కొత్తలో ఇల్లు చూపించడానికొచ్చినావిడ మిమ్మల్నీ చూపించింది. వంటిల్లు, స్నానాలగది, బట్టలుతికే గది, ఆ తర్వాత మీరు. అన్నీ ఒకే గొంతుతో. జానెడు మందాన కాంక్రీటు తలుపు, ఇనప గడియలు, లోపల గాలి మిషను, కరెంటు పోతే తిప్పడానికి దానికో పిడి. "యుద్ధమొస్తే ఇందులోకి రావాలి. సైకిళ్లు మాత్రం ఇక్కడ పెట్టకూడదు" అంది. యుద్ధం సంగతి ఎలా ఉన్నా సైకిళ్ల దగ్గర ఆవిడ గొంతు కాస్త పెరిగింది.

మీ వంశచరిత్ర కొంత చదివాను. 1962 అక్టోబరులో క్యూబాలో పెట్టిన అణు క్షిపణుల మీద అమెరికాకూ రష్యాకూ గొడవ, 1963లో ఈ దేశంలో మీ గురించి చట్టం. స్విట్జర్లాండు ఎవరి జోలికీ పోదు, నిజమే. కానీ ఎవరో వేసిన బాంబు బూడిద గాలివాటున వస్తే ఏం చేస్తారు? అందుకని ఇల్లు కట్టిన ప్రతివాడూ కింద మిమ్మల్నీ కట్టాలన్నారు. ఇప్పుడు మీ కుటుంబం సుమారు 3,70,000. అన్నిట్లో కలిపి 90 లక్షల మందికి పైగా చోటు. దేశ జనాభాయే అంత. మనిషికి ఒక చదరపు మీటరు. పెళ్లి బంతిలో మాకు దొరికేది అంతకంటే తక్కువే. కాకపోతే అక్కడ పెరుగన్నం అవగానే లేస్తాం.

ఇక్కడ లేచేది ఎప్పుడు? అణుధూళికో లెక్కుంది. మొదటి గంటతో పోలిస్తే ఏడు గంటలకు దాని రేడియేషను పదోవంతు, రెండు రోజులకు నూరోవంతు, రెండు వారాలకు వెయ్యోవంతు. లెక్క బాగుంది, భౌతికశాస్త్రానికి నేను వంక పెట్టను. నా భయమల్లా ఆ రెండు వారాలూ నా ఎడమపక్క చదరపు మీటరులో ఎవరుంటారని. రెండో అంతస్తు ముసలావిడ ఉంటుంది. మా ఇంట్లో ఇంగువ తిరగమోత పడ్డ ప్రతిసారీ తలుపుకి మర్యాదగా చీటీ అంటించే ఆవిడే. బట్టలుతికే గదిలో వంతుల పట్టిక రాసేదీ ఆవిడే. గాలి మిషను పిడి తిప్పడానికీ వంతులు వేస్తుంది, నాకు అనుమానం లేదు. నా వంతు తెల్లవారుజామున మూడింటికే పడుతుంది. ఆదివారం మాత్రం ఎవరూ తిప్పకూడదంటుంది, చప్పుడు కదా.

మరో సంగతి అడగాలి. లోపల మా సామాన్ల అరలన్నీ తీసేసి, మంచాలు వేసి, మిమ్మల్ని యుద్ధానికి సిద్ధం చేయడానికి ఇంటి యజమానికి ఐదు రోజులు గడువట. రష్యా నుంచి అమెరికాకు క్షిపణి అరగంటలో పోతుందంటారు. మీరు మాత్రం ఐదు రోజులంటున్నారు. శత్రువు ముహూర్తం పెట్టించి, శుభలేఖ అచ్చేయించి, బొట్టు పెట్టి పిలిచి మరీ బాంబు వేస్తాడని ఈ దేశానికి ఎంత నమ్మకమండీ!

ఈ దేశంలోనే లూసర్న్ ఊళ్లో మీ పెద్దన్నగారి కథ ఇంతకంటే ఘనం. సోనెన్‌బర్గ్ సొరంగం, 1976లో పూర్తయింది. రోజూ కార్లు పోయే రోడ్డు, యుద్ధమొస్తే 20,000 మందికి ఇల్లు. ఆపరేషన్ థియేటరు ఉంది, జైలు గదులూ ఉన్నాయి (ప్రళయంలోనూ ఒకడు ఇంకొకడి దుప్పటి కొట్టేస్తాడని ముందే ఊహించిన మహానుభావుడికి దండం). తలుపు ఒక్కోటి 350 టన్నులు. 1987లో ఒకసారి వేసి చూద్దామని పెద్ద విన్యాసం పెట్టారు. దానికి 'చీమ' అని పేరు. తీరా చూస్తే ఒక తలుపు సరిగ్గా మూసుకోలేదు. అసలు చీమలు వాన పడకముందే గుడ్లు మోసుకుని పుట్టలోకి పోతాయి, వాటినడిగినా చెప్పేవి. 2006లో ఆ 20,000 కాస్తా 2,000 అయింది.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చింది. మిమ్మల్ని చూసి "కోళ్ల గూడులా ఉందేమిట్రా" అంది. ఆవిడ విశాఖ మనిషి. 1971 యుద్ధంలో ఎనిమిదేళ్ల పిల్ల. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు, వీధంతా చీకటి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర సముద్రంలో పేలి మునిగిందన్న కబురు, పెట్టేబేడా సర్దుకుని పల్లెలకు పోయిన చుట్టాలు. వాళ్లకు దొరికిన బంకరు అంటే నులక మంచం కింది చోటే. 2025 మే 7న విశాఖలో, హైదరాబాదులో మాక్ డ్రిల్లు పెట్టినప్పుడు, సైరను మోగగానే తమ అపార్టుమెంటు వాళ్లంతా మేడెక్కి ఫోన్లలో వీడియో తీశారట. అమ్మ కూడా ఎక్కిందట. "దాక్కోవడానికి చోటేదిరా, చూడ్డానికి మేడైనా ఉంది" అంది.

తర్వాత, "మన దగ్గర బాంబులున్నాయి, ఇది లేదు. వీళ్ల దగ్గర ఇదుంది, బాంబుల్లేవు. ఎవరు తెలివైనవాళ్లు?" అనడిగింది. నేను జవాబు చెప్పకుండా ఆవకాయ జాడీ ఎత్తి పై అరలో పెట్టాను. మీరూ ఏమీ అనలేదు.

ఒప్పుకోవాల్సిందే, ఆవకాయకు మీ అంత చోటు ఇంకోటి లేదు. ఎండ తగలదు, చెమ్మ లేదు. ముసలావిడ ముక్కుకీ మా జాడీకీ మధ్య జానెడు కాంక్రీటు ఉంది. 1963లో చట్టం చేసినవాళ్లు దేన్ని ఆపాలనుకున్నారో గానీ, మీరు ఆపింది మాత్రం మా ఆవపిండి ఘాటునే.

అమ్మ ఇక్కడున్న రోజుల్లోనే మీ తనిఖీకి మనిషొచ్చాడు. తలుపు రబ్బరు నొక్కి చూశాడు, గాలి మిషను తిప్పి చూశాడు. అరల దగ్గర ఆగి, వరసగా ఉన్న జాడీలు చూసి, "అవసరం పడితే ఇవన్నీ ఐదు రోజుల్లో ఖాళీ చేయగలరా?" అనడిగాడు.

అమ్మకు నేను తెలుగులో చెప్పాను. "ఐదు రోజులెందుకురా? ఒక్క ఆదివారం మనవాళ్లను నలుగురిని భోజనానికి పిలు" అంది.

ఇట్లు,
తమ పై అరలోని జాడీ తాలూకు మనిషి