హెడ్‌ఫోన్ చూడగానే కొనేసేవాళ్లతో జాగ్రత్త

మన మధ్యే కొందరు ప్రమాదకరమైన మనుషులు తిరుగుతున్నారు. వాళ్లు దుకాణంలోకి వెళ్తారు. చెవులను పూర్తిగా కప్పే వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ఒకటి తీసి తలకు పెట్టుకుంటారు. తల అటూ ఇటూ ఆడించి చూస్తారు. బాగా తెలిసిన పాట ఒకటి వింటారు. "బాగానే ఉంది" అని డబ్బు కట్టేసి వచ్చేస్తారు. కోడెక్ ఏమిటని అడగరు. లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లో కనుక్కోరు. ఏ స్థాయి శబ్దం ఎంత వినిపిస్తుందో చూపే గ్రాఫు అనేది ఒకటుంటుందని కూడా వాళ్లకు తెలియదు. పైగా ఆ రాత్రి హాయిగా నిద్రపోతారు.

ఈ జాతి కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన వంటింటి బల్ల మీద హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి పంపాడు. వాళ్లు పరీక్షించి చూశారు, బాగున్నాయన్నారు, ఇంకొన్ని కావాలన్నారు. దేశ రక్షణ భారం మోస్తున్నవాళ్లు ఒక్క రివ్యూ కూడా చదవకుండా ఆర్డరిచ్చేశారు. వందేళ్లు దాటినా ఆ బాధ్యతారాహిత్యం మనల్ని వదల్లేదు.

హెడ్‌ఫోన్ ఎంపిక అనేది ఎప్పటికీ పూర్తి కాకూడని పని. నిజమైన అన్వేషకుడు ముందు పేర్లు బట్టీ పడతాడు. సోనీలో డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4 అని ఒకటుంది, డబ్ల్యూఎఫ్-1000ఎక్స్‌ఎం4 అని ఇంకొకటుంది. తేడా ఒక్క అక్షరమే. మొదటిది తల మీద పెట్టుకునేది, రెండోది చెవిలో దూర్చుకునేది. కొనేవాడి ఏకాగ్రతను పరీక్షించడానికే ఆ పేర్లు అలా పెట్టారని నా అభిప్రాయం. తల మీద పెట్టుకునే ఆ వరుసలో నాలుగోది మడుచుకునేది. 2022లో వచ్చిన ఐదోది మడుచుకోదు. 2025లో వచ్చిన ఆరోది మళ్లీ మడుచుకుంటుంది. అంటే మూడేళ్ల పాటు మడవకపోవడం పురోగతి, ఆ తర్వాత మడవడం పురోగతి. ఆ మధ్యలో తొందరపడి కొన్నవాళ్లను చూసైనా మనం ఓపిక నేర్చుకోవాలి.

ఇక పెట్టె మీది అంకెలు. మనిషి చెవి 20 హెర్ట్‌జ్ నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా వింటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. అది కూడా పసి చెవుల సంగతి. నడివయసు వచ్చేసరికి చాలామందికి 15,000 పైన ఏమీ వినిపించదు. కొన్ని హెడ్‌ఫోన్ల పెట్టెల మీద మాత్రం 40,000 అని ఉంటుంది. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. వాళ్లకు దూరదృష్టి లేదు. పిల్లులు 60,000 దాకా వినగలవు. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు దాని అభిప్రాయం తీసుకోకుండా హెడ్‌ఫోన్ కొనడం ఏకపక్ష నిర్ణయమే అవుతుంది. ఖరీదైనది కొనే స్తోమత వచ్చేసరికి ఆ పై స్థాయి వినే చెవి వెళ్లిపోతుందనే చిన్న సమస్య ఉంది కానీ, దాన్ని కంపెనీల మీదికి తోయడం న్యాయం కాదు.

అన్వేషకుడు అసలు స్థిరపడేది కోడెక్ దగ్గర. ఫోన్ నుంచి హెడ్‌ఫోన్‌కు పాటను కుదించి పంపే పద్ధతి అది. ప్రతి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనూ తప్పనిసరిగా ఉండేది ఎస్‌బీసీ. అందరికీ ఉంది కాబట్టి దాన్ని గౌరవించాల్సిన పనిలేదు. సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలిగే ఎల్‌డాక్ అనే కోడెక్ ఉంటేనే అది హెడ్‌ఫోన్. సిగ్నల్ బాగా లేకపోతే అది మర్యాదగా 330కి దిగిపోతుంది, దాదాపు ఎస్‌బీసీ పక్కనే వచ్చి కూర్చుంటుంది. దిగినట్టు మనకు చెప్పదు. మనమూ కనిపెట్టలేం. ఐఫోన్‌లోనైతే ఎల్‌డాక్ అసలే లేదు. అయినా ఎల్‌డాక్ లేని హెడ్‌ఫోన్ ముట్టుకోనని భీష్మించుకున్న ఐఫోన్ యజమానులు ఉన్నారు. వాళ్లకు నా నమస్కారం. పనికొచ్చేది ఎవరైనా అడుగుతారు. పనికి రానిదాని కోసం పట్టుబట్టాలంటే ఆదర్శం ఉండాలి.

ఇంతకీ ఈ 990 కిలోబిట్ల యంత్రంలో రోజంతా మోగేది ఏమిటి? ఆఫీసు మీటింగు. ఇక్కడ బ్లూటూత్ గురించి ఒక రహస్యం చెప్పాలి. పెట్టెల మీద ఎక్కడా పెద్ద అక్షరాలతో రాయరు కానీ, మామూలు బ్లూటూత్‌లో మైకు ఆన్ అయిన మరుక్షణం పాటల దారి మూసుకుపోతుంది, ఫోన్ కాల్ దారి తెరుచుకుంటుంది. ఈ దారిలో శబ్దం మోనో, అంటే రెండు చెవులకూ ఒకటే. శబ్దం నుంచి సెకనుకు తీసుకునే శాంపిళ్లు, అంటే నమూనాలు, 8,000, బాగుంటే 16,000. సీడీలో ఇవి 44,100. అందుకే అప్పటిదాకా కచేరీ హాల్లా మోగిన హెడ్‌ఫోన్, మీటింగు మొదలవగానే నూతిలోంచి మాట్లాడుతున్నట్టు అయిపోతుంది. అవతలివాళ్లకు మన గొంతూ అలాగే వినిపిస్తుంది. లాప్‌టాప్‌కు ఉన్న మైకు వాడితే హెడ్‌ఫోన్‌లో శబ్దం మళ్లీ బాగుపడుతుంది. సెట్టింగుల్లో ఒక్క చోట మార్చుకుంటే చాలు. కానీ ఇంత తేలికైన పరిష్కారం చెబితే కొత్త మోడల్ ఎవరు కొంటారు?

నాయిస్ క్యాన్సిలింగ్ దగ్గరికి వద్దాం. దాని గురించి ఎంత వినయంగా మాట్లాడినా తక్కువే. బయటి శబ్దాన్ని చిన్న మైకులు పట్టుకుంటాయి. దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే శబ్ద తరంగాన్ని హెడ్‌ఫోన్ పుట్టిస్తుంది. రెండూ ఢీకొని ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ ఆలోచనకు పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1936లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. 1978లో బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ యూరప్ నుంచి బోస్టన్‌కు విమానంలో వస్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజిన్ హోరు తప్ప ఇంకేమీ సరిగ్గా వినిపించక, అక్కడికక్కడే లెక్కలు వేసుకున్నాడు. ఆ లెక్కలు 1989లో పైలట్ల హెడ్‌సెట్‌గా బయటికొచ్చాయి. ప్రయాణంలో విసుగొస్తే మనం కిటికీలోంచి చూస్తాం, అది వేరే సంగతి.

ఈ పుట్టుకలోనే దాని స్వభావం ఉంది. ఇంజిన్ లాంటి సన్నని మార్పైనా లేకుండా సాగే హోరును అది అద్భుతంగా మింగేస్తుంది. 100 హెర్ట్‌జ్ శబ్దపు అల పొడవు మూడు మీటర్ల పైచిలుకు. అంత పెద్ద అలకు ఎదురు అల తయారుచేయడానికి తీరిక ఉంటుంది. 3,000 హెర్ట్‌జ్ దగ్గర అల పొడవు పదకొండు సెంటీమీటర్లే. కాలం కొద్దిగా తప్పినా ఎదురు అల గురి తప్పుతుంది. అందుకని పైస్థాయి శబ్దాలను ఆపే బాధ్యత ఎక్కువగా ఇయర్‌ప్యాడ్ మెత్తదనం మీదే పడుతుంది. మాటలు, పసిపిల్లల ఏడుపు, కుక్క అరుపు, గిన్నె కింద పడ్డ చప్పుడు కొంత తగ్గుతాయి కానీ పోవు. ఇంకో విశేషం. ఫ్యాన్ హోరు మాయమైపోవడంతో దాని చాటున ఇంతకాలం కలిసిపోయి ఉన్న పక్కగది సంభాషణ ఇప్పుడు స్పష్టంగా విడివడి వినిపిస్తుంది. నిశ్శబ్దం కోసం డబ్బు పెట్టినవాళ్లకు ఇతరుల కుటుంబ వ్యవహారాలు ఉచితంగా అందుతాయి.

లోకాన్ని ఇలా పాక్షికంగా మూసేశాక, లోకాన్ని మళ్లీ లోపలికి రానివ్వడానికి ఇంకో బటన్ ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌పరెన్సీ మోడ్ అంటారు. మైకు బయటి చప్పుడును పట్టి, చెవికి వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ తీసేస్తే కూడా సరిగ్గా ఇదే ఫలితం వస్తుందని, బ్యాటరీ కూడా మిగులుతుందని కొందరు అంటుంటారు. సైన్సు మీద గౌరవం లేని మాటలు అవి.

నిజానికి నాయిస్ క్యాన్సిలింగ్ కన్నా గొప్ప ఫీచర్ ఒకటుంది. ఏ రివ్యూలోనూ దానికి మార్కులు వేయరు. తల మీద పెద్ద హెడ్‌ఫోన్ కనిపిస్తే ఎవరూ వచ్చి మాట కలపరు. పాట పెట్టకపోయినా, అసలు స్విచ్ ఆన్ చేయకపోయినా ఇది పనిచేస్తుంది. బ్యాటరీ ఖర్చు సున్నా. ఆఫీసుల్లో సగం హెడ్‌ఫోన్లు ఈ ఒక్క ఫీచర్ మీదే నడుస్తున్నాయని నా గట్టి అనుమానం.

రివ్యూ వీడియోల గురించి కూడా చెప్పాలి. "బేస్ ఎలా కొడుతోందో వినండి" అని రివ్యూయరు హెడ్‌ఫోన్‌ను మైకు దగ్గర పెడతాడు. మనం ఆ బేస్‌ను మన ఫోన్ స్పీకర్‌లో విని, అవును, బాగా కొడుతోంది అని తల ఊపుతాం. ఇంత కన్నా కఠినమైన పరీక్ష ఏముంటుంది? వీడియో చివర్లో, దీన్ని వంద గంటలు మోగనిస్తే గానీ అసలు శబ్దం బయటపడదని ఒక సలహా వస్తుంది. ఆ గంటల్లో హెడ్‌ఫోన్ మారేదానికన్నా మన చెవి అలవాటు పడేదే ఎక్కువ. అలవాటు పడేలోపు వెనక్కిచ్చే గడువు కూడా దాటిపోతుంది. అందరికీ మంచిదే.

ఈ పవిత్ర కార్యానికి అడ్డుపడే పరిశోధకులు కూడా ఉన్నారు. 2017లో అమెరికా ధ్వని శాస్త్ర సంఘం పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 283 హెడ్‌ఫోన్లను కొలిచి, ఏ స్థాయి శబ్దం ఎంత వినిపిస్తుందనే దానికీ ధరకూ సంబంధం కనిపించలేదని తేల్చారు. సంబంధం లేదట! ఆడియో పరికరాలు తయారుచేసే హార్మన్ సంస్థకు చెందిన షాన్ ఓలివ్ బృందం ఇంకాస్త ముందుకెళ్లి, బ్రాండ్ ఏదో తెలియకుండా జనానికి హెడ్‌ఫోన్లు వినిపించి ఏది నచ్చిందో అడిగింది. పేరు తెలియకుండా, ధర తెలియకుండా ఒక వస్తువు నచ్చిందని మనిషి ఏ ధైర్యంతో చెబుతాడు? అలా చెప్పినవాళ్లు ఇంటికెళ్లి ఇంట్లోవాళ్ల ముఖం ఎలా చూశారో!

వీళ్లకు తోడు ఇంకో వర్గం ఉంది. వాళ్లు అల్ప విషయాలు అడుగుతారు. బరువెంత అంటారు. సోనీ ఆరో మోడల్ 254 గ్రాములు, ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దాదాపు 385 గ్రాములు, రెండు గంటలయ్యాక ఆ తేడా నడినెత్తికి తెలుస్తుంది అంటారు. కళ్లజోడు పెట్టుకుంటే దాని కాడ పక్కన సందు ఏర్పడి, అందులోంచి బేస్ కారిపోతుందని, కాబట్టి కళ్లజోడుతోనే పెట్టుకుని చూడాలని అంటారు. చెవి పెద్దదైతే ప్యాడ్ లోపల తగులుతుందా అంటారు. ఉక్కకు చెవులు చెమటపడితే ఎలా అంటారు. రెక్సిన్ లాంటి ఆ ప్యాడ్ కొన్నాళ్లకు నల్లగా పొలుసులు రాలి చెంపలకు అంటుకుంటుంది, విడిగా కొత్త ప్యాడ్లు దొరుకుతాయా అని అడుగుతారు. బ్యాటరీ పోతే మార్చుకోవచ్చా అంటారు. ఈ చివరి ప్రశ్నకు చాలా కంపెనీలు మౌనమే జవాబుగా ఇచ్చేవి. యూరోపియన్ యూనియన్ ఊరుకోలేదు. చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేసింది, అది 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలవుతుంది. తలకూ చెవికీ చెమటకూ సంబంధించిన ఈ మాటలు దుకాణంలో పది నిమిషాల్లో తేలిపోతాయి. అంత త్వరగా తేలే ప్రశ్నలకు లోతు ఎక్కడుంటుంది? పైగా వీటికి జవాబు దొరికిందంటే కొనేయాల్సి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు వారానికి 40 గంటలు వినేట్టయితే శబ్దం 80 డెసిబెల్స్ దాటకుండా చూసుకోమంటారు. బయటి హోరు తగ్గితే వాల్యూమ్ తక్కువలోనే పాట వినిపిస్తుంది, నాయిస్ క్యాన్సిలింగ్ వల్ల చెవికి అసలు లాభం అదే. ఆ లాభం గురించి ప్రకటనల్లో పెద్దగా వినం. వాల్యూమ్ తగ్గించుకోమని చెప్పి వస్తువు అమ్మడం ఎవరికి చేతనవుతుంది?

కాబట్టి తొందర వద్దు. బ్లూటూత్ సంస్థ 2020లోనే ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ప్రకటించింది. దాని ఎల్‌సీ3 కోడెక్ తక్కువ బిట్లతోనే ఎస్‌బీసీ కన్నా బాగా వినిపిస్తుందట, మీటింగులో గొంతు కూడా బాగుపడుతుందట. అయితే ఫోనూ హెడ్‌ఫోనూ రెండూ దాన్ని పలకాలి. మీ హెడ్‌ఫోన్ పలికే రోజుకు ఫోన్ పలకదు, ఫోన్ మార్చేసరికి హెడ్‌ఫోన్ పాతబడుతుంది. ఈ రెండూ కలిసే శుభ ఘడియ దాకా ఆగడం విజ్ఞుల లక్షణం.

అప్పటిదాకా దేంతో వినాలి అని అడుగుతారేమో. ఏదో ఒక డ్రాయరులో పాత వైరు ఇయర్‌ఫోన్ ఉంటుంది, వెతకండి. ఎడమ వైపు పనిచేయదు. ఛార్జింగ్ అడగదు, కోడెక్ లేదు, వీడియోలో పెదాలు ముందూ మాటలు వెనకా కావు, మైకు ఆన్ చేసినా శబ్దం చెడదు. ఒక్క చెవికే వినిపిస్తుందని బెంగ వద్దు, మీటింగు ఎలాగూ మోనోయే.