సవరణ: 2 ఏళ్ల జైలు పరిమితి నర్సులకు వర్తించదు

నిర్లక్ష్యం వల్ల రోగి చనిపోతే డాక్టరుకైనా, నర్సుకైనా గరిష్ఠ శిక్ష 2 ఏళ్ల జైలేనని పోయిన వారం రాశాను. అది తప్పు. దేవరకొండలో పనిచేసే ఒక స్టాఫ్ నర్సు ఫోన్ చేసి, "సార్, ఆ సెక్షన్‌లో మా మాట ఎక్కడుంది?" అని అడిగారు. నిజమే, లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షా చట్టం) సెక్షన్ 106(1) ప్రకారం ఆ పరిమితి వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టర్లకే. మిగతావాళ్లకు 5 ఏళ్ల దాకా పడొచ్చు. పాత ఐపీసీ 304ఎలో అందరికీ 2 ఏళ్లే ఉండేది, అక్కడే పొరబడ్డాను. నమ్మి చదివినవాళ్లు క్షమించాలి.

నైట్ డ్యూటీ చేసే అక్కలూ, ఇంజెక్షన్ ఇవ్వగానే కేస్ షీట్‌లో మందు, డోసు, టైము రాసి సంతకం పెట్టండి. తెల్లారాక గుర్తుచేసుకుని రాయొద్దు. తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరిగ్గా రాయండి.